హాఫ్ క్లచ్ తప్పా, ఒప్పా? మట్టి దారిలో క్లచ్ చేసే అసలు పని

హనుమకొండలోనో ములుగులోనో కొత్తగా ఎక్స్‌పల్స్ బైకు కొన్న కుర్రాడికి మొదటి వారంలోనే రెండు సలహాలు అందుతాయి. షెడ్డులో మెకానిక్ "తమ్ముడూ, హాఫ్ క్లచ్‌ల నడపకు, ప్లేట్లు పోతయ్" అంటాడు. ఆ రాత్రి ఫోన్‌లో చూసే వీడియోలో ఆఫ్‌రోడ్ ట్రైనర్ "క్లచ్ మీంచి వేలు తీయొద్దు, మట్టిలో బండిని నడిపేది క్లచ్చే" అంటాడు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. ఎవరి మాట వినాలో తేలక కొత్తవాళ్లు ఇబ్బంది పడతారు. ఎత్తు రాగానే క్లచ్ గభాలున వదిలేసి బండి ఆఫ్ చేసుకుంటారు. లేదంటే బురదలో దిగబడ్డాక లివర్ సగం పట్టుకుని, కాలిన వాసన వచ్చేదాకా రేస్ ఇస్తూ కూర్చుంటారు.

ఈ గందరగోళం గత కొన్నేళ్లలో పెరిగింది. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక మట్టి దారికి పనికొచ్చే బండి మామూలు ఉద్యోగి కూడా కొనగలిగే ధరకు దిగింది. 2024లో ఇండియన్ సూపర్‌క్రాస్ రేసింగ్ లీగ్ మొదలయ్యాక, మట్టి దిబ్బల మీంచి బైకులు వేసే గంతులు చూసి మనసుపడ్డవాళ్లూ ఉన్నారు. బండి చేతికొచ్చింది, నేర్పేవాళ్లు మాత్రం దగ్గర్లో లేరు. అందుకే ఈ రెండు సలహాలు ఎందుకు ఎదురెదురుగా ఉన్నాయో మొదటినుంచీ చూద్దాం.

డర్ట్ బైక్ ఏది, హాఫ్ క్లచ్ ఏది

అచ్చమైన డర్ట్ బైక్ అంటే మట్టి ట్రాక్ మీద జరిగే మోటోక్రాస్ పోటీల కోసం చేసిన తేలికపాటి బండి. దానికి హెడ్‌లైటు, ఇండికేటర్లు ఉండవు, రోడ్డు మీద తిప్పడానికి రిజిస్ట్రేషన్ కాదు. మన దగ్గర తిరిగేవి ఎక్కువగా డ్యూయల్ స్పోర్ట్, అడ్వెంచర్ రకాలు. ఇవి నంబర్ ప్లేటుతో తారు రోడ్డు మీదా నడుస్తాయి, మట్టి మీదా నడుస్తాయి. ఎక్స్‌పల్స్ 200కు ముందు చక్రం 21 అంగుళాలు, నేల నుంచి 220 మిల్లీమీటర్ల ఎత్తు. అయితే ఇక్కడ చెప్పే క్లచ్ సంగతి స్ప్లెండర్‌కూ వర్తిస్తుంది. పాల క్యాన్లు కట్టుకుని రోజూ బండ్ల బాటలో వచ్చే రైతు చేతికి ఈ విద్య ఎప్పుడో అబ్బింది, ఆయన దానికి పేరు పెట్టుకోలేదంతే.

క్లచ్ లివర్ పూర్తిగా నొక్కితే ఇంజిన్‌కూ వెనక చక్రానికీ సంబంధం తెగుతుంది. పూర్తిగా వదిలితే రెండూ గట్టిగా కలుస్తాయి. ఈ రెండింటి మధ్య ఇంజిన్ బలం కొంత చక్రానికి అందుతూ, కొంత జారిపోతూ ఉండే చోటు ఒకటి ఉంది. దాన్నే మనం హాఫ్ క్లచ్ అంటాం. పేరులో సగం అని ఉన్నా అది లివర్ ప్రయాణంలో సరిగ్గా సగం దగ్గర ఉండదు. చాలా బండ్లలో ఆ చోటు వేలి కొస మందం కంటే పెద్దగా ఉండదు. లివర్ మెల్లగా వదులుతుంటే ఇంజిన్ శబ్దం ఒక్కసారి బరువెక్కి, బండి ముందుకు ఒరగబోయినట్టు అనిపించే క్షణం దాని మొదలు. ఆఫ్‌రోడ్ విద్యలో సగం ఆ క్షణాన్ని వేలితో పసిగట్టడమే.

మూత తీస్తే కనిపించేది

బండి కుడివైపు ఇంజిన్ కవర్ విప్పితే గిన్నె లాంటి క్లచ్ హౌసింగ్ కనిపిస్తుంది. అందులో ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లేట్లు రెండు రకాలు. ఒక రకానికి రెండు వైపులా గరుకు పూత ముక్కలుంటాయి, అవి ఇంజిన్‌తో పాటు తిరుగుతాయి. రెండో రకం నున్నటి ఉక్కు ప్లేట్లు, అవి గేర్‌బాక్స్‌తో తిరుగుతాయి. పైన ప్రెషర్ ప్లేట్ స్ప్రింగుల బలంతో అన్నింటినీ కలిపి నొక్కి ఉంచుతుంది. లివర్ నొక్కితే ఆ ఒత్తిడి సడలి ప్లేట్లు విడివిడిగా తిరుగుతాయి.

మన బండ్లలో దాదాపు అన్నింటిలో ఈ కట్టంతా ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తేలుతుంటుంది. దీన్ని తడి క్లచ్ అంటారు. ప్లేట్లు జారినప్పుడు పుట్టే వేడిని ఆయిల్ మోసుకుపోతుంది. కారు క్లచ్, మన ఊళ్లలో తిరిగే ఎక్కువ ట్రాక్టర్ల క్లచ్ పొడివి, వాటికి ఆ సౌకర్యం లేదు. జారితే వేడి అక్కడే ఉండిపోతుంది.

మనవైపు చాలామంది కుర్రాళ్లు బైకు కంటే ముందు ట్రాక్టర్ స్టీరింగ్ పట్టినవాళ్లే. "క్లచ్ మీద కాలు ఉంచకురా" అని నాయనో పెద్దనాయనో పదేపదే చెప్పిన మాట వాళ్ల ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ట్రాక్టర్‌కు ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అదే మాట తడి క్లచ్ ఉన్న బైకుకు యథాతథంగా వచ్చి చేరడం వల్లే సగం తకరారు పుట్టిందని నాకు అనిపిస్తుంది.

నడక వేగంలో క్లచ్ ఎందుకు తప్పదు

ఒక చిన్న లెక్క. బండి మొదటి గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ 30 చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. చక్రం ఒక్క చుట్టుకు 2 మీటర్లు పోతుందనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే చక్రం 50 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 100 మీటర్లు, గంటకు 6 కిలోమీటర్లు.

ఇప్పుడు ముందు ఒర్రె దాటాలి, రాళ్ల మధ్య గంటకు 3 కిలోమీటర్ల వేగమే సరిపోతుంది. క్లచ్ పూర్తిగా వదిలి ఆ వేగంతో పోవాలంటే ఇంజిన్ 750 చుట్లకు పడిపోవాలి. అంత తక్కువ మీద అది ఊపిరి అందక ఆగిపోతుంది. ఇక మిగిలింది రెండు దారులు. రాళ్ల మీద 6 కిలోమీటర్ల వేగంతో దూకడం, లేదా ఇంజిన్‌ను హాయిగా 1800 చుట్ల దగ్గర తిరగనిచ్చి, చక్రానికి కావలసినంతే బలాన్ని క్లచ్ జార్పుతో అందించడం. రెండోదే ట్రైనర్ చెప్పేది. ఆయన మాటలో తప్పు లేదు, ఆ వేగంలో బండి నిలకడగా కదలడానికి ఇంకో మార్గం లేదు.

ప్లేట్లు నిజంగా కాలేది ఎప్పుడు

మెకానిక్ మాట కూడా అబద్ధం కాదు. క్లచ్ జారినంతసేపూ వేడి పుడుతుంది. ఎంత పుడుతుందనేది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఎంత బలం దాని గుండా పోతోంది, రెండు వైపుల చుట్ల మధ్య తేడా ఎంత, ఎంతసేపు జారింది.

ఒర్రె దాటే ఉదాహరణనే తీసుకుంటే, ఇంజిన్ 1800 చుట్లు, చక్రం వైపు లెక్క 750 చుట్లు, తేడా 1050. క్లచ్ గుండా పోయే టార్క్, అంటే తిప్పే బలం, 3 న్యూటన్ మీటర్లు అనుకుంటే పుట్టే వేడి సుమారు 330 వాట్లు. అలా 5 సెకన్లు జారిస్తే మొత్తం 1650 జౌళ్లు. ఆయిల్‌కు అది లెక్కలోకి రాదు.

ఇక దిగబడ్డ బండి. వెనక చక్రం రేగడిలో కూరుకుపోయి అసలు తిరగడం లేదు. ఇంజిన్ 3000 చుట్ల మీద అరుస్తోంది, టార్క్ 10 న్యూటన్ మీటర్లు. తేడా మొత్తం 3000 చుట్లూ. వేడి 3100 వాట్లు దాటుతుంది. మూడు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఆ చిన్న గిన్నెలో పెట్టి స్విచ్ వేసినట్టు. అలా 20 సెకన్లు పట్టుకుంటే 62,000 జౌళ్ల పైమాటే, మొదటిదానికి దాదాపు 38 రెట్లు. ప్లేట్ల బరువు కిలో అనుకుని, వేడి ఎక్కడికీ పోలేదనుకుంటే వాటి ఉష్ణోగ్రత ఇంచుమించు 125 డిగ్రీలు పెరుగుతుంది. వెంటనే ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి అదే పని చేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండూ హాఫ్ క్లచ్చే. ఒకటి బండిని కదిలించింది, ఇంకోటి ప్లేట్లను కాల్చింది. షెడ్డుకు వచ్చేవి రెండో రకం బండ్లే కాబట్టి మెకానిక్ కళ్లకు హాఫ్ క్లచ్ అంటే కాలిన ప్లేట్లే కనిపిస్తాయి. అలాంటి క్లచ్ విప్పినప్పుడు పక్కన నిలబడి చూస్తే అర్థమవుతుంది. వెండిలా మెరవాల్సిన ఉక్కు ప్లేట్ల మీద నీలం, ఊదా మరకలు తేలి ఉంటాయి. గరుకు ప్లేటు గోటితో గీస్తే పట్టు తగలదు, అద్దంలా నున్నబడి నల్లగా ఉంటుంది. బల్ల మీద సమతలమైన గాజు పలక వేసి ఉక్కు ప్లేటు పెడితే ఒక అంచు లేచి ఆడుతుంది, అంటే వేడికి వంగిపోయిందని. డ్రెయిన్ బోల్టు విప్పితే కారే ఆయిల్ వాసన భరించలేం.

వేళ్ల సంగతి, కేబుల్ వదులు

నాలుగు వేళ్లతో క్లచ్ పట్టడం రోడ్డు అలవాటు. మట్టిలో ఒకటి లేదా రెండు వేళ్లు లివర్ మీద, మిగతావి గ్రిప్ చుట్టూ ఉంచమంటారు. దీనికి కారణం ఒకటే: గుంటలో పడి బండి ఎగిరినప్పుడు చేయి హ్యాండిల్‌ను వదలకూడదు, క్లచ్ మాత్రం వెంటనే అందాలి. కొత్తవాళ్లకు జరిగే పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. బండి ఒక్కసారి ముందుకు దూకితే ఒళ్లు వెనక్కి పోతుంది, పడిపోకుండా హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం, ఆ పట్టుతోనే మణికట్టు తిరిగి రేస్ ఇంకా పెరుగుతుంది. బండి ఇంకా దూకుతుంది. టెన్షన్‌లో కుడిచేయి వదలడం గుర్తురాదు. ఎడమచేతి వేలు లివర్ మీద ఉంటే మాత్రం ఒక్క నొక్కుతో ఇంజిన్ బలం తెగిపోతుంది.

ఒక్క వేలు చాలదనేవాళ్ల మాటలోనూ న్యాయముంది. పాత కమ్యూటర్ బండ్ల కేబుల్ బిగుసుగా ఉంటుంది, ఒక్క వేలితో గంటసేపు నొక్కితే చేయి లాగేస్తుంది. అలాంటప్పుడు రెండు వేళ్లు మేలు. కేబుల్‌కు ఆయిల్ వేయించడం, నిలబడి నడిపినా మణికట్టు తిన్నగా ఉండేలా లివర్‌ను కొంచెం కిందికి తిప్పించడం ఇంకా మేలు.

లివర్ నొక్కగానే పని మొదలవకుండా మొదట కొంత ఖాళీగా ఆడుతుంది. దాన్ని ఫ్రీ ప్లే అంటారు. కమ్యూటర్ బండ్లలో చాలావాటికి లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు ఉండాలి, మీ బండికి ఎంతన్నది మాన్యువల్‌లో ఉంటుంది. ఖాళీ అసలు లేకపోతే లివర్ వదిలినా క్లచ్ పూర్తిగా కలవదు, మీకు తెలియకుండానే రోజంతా హాఫ్ క్లచ్‌లో తిరుగుతున్నట్టే. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది. నడిపేవాడి తప్పేమీ లేకుండా కాలే క్లచ్‌లలో ఇదొక కారణం.

మెల్లగా మలుపు తిరగడం

చెరువు కట్ట మీద దారి ఇరుకు, వెనక్కి తిరగాలి. కొత్తవాళ్లు ఇక్కడ రేస్ ఇస్తూ తీస్తూ బండిని కుదుపుతారు, కాళ్లు నేలకు ఆనిస్తారు. తెలిసినవాళ్ల రేస్ చేయి దాదాపు కదలదు. ఇంజిన్ ఒకే శబ్దంతో తిరుగుతుంటుంది, వేగమంతా ఎడమచేతి వేలు, కుడికాలి వెనక బ్రేకు చూసుకుంటాయి. క్లచ్ కొద్దిగా వదిలితే బండి లేస్తుంది, వెనక బ్రేకు కొద్దిగా తగిలిస్తే కుదురుగా ఉంటుంది. ముందు బ్రేకును ఇక్కడ ముట్టుకోరు. హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు ముందు చక్రం పట్టేస్తే బండి అక్కడికక్కడే పక్కకు పడుతుంది.

రోడ్డు మీద మలుపులో బండితో పాటు మనమూ ఒరుగుతాం. మట్టిలో నెమ్మదిగా తిరిగేటప్పుడు బండి లోపలికి ఒరుగుతుంది, మనిషి మాత్రం బయటివైపు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేసి నిటారుగా ఉంటాడు. అప్పుడు బరువు చక్రాలకు సూటిగా కిందికి దిగుతుంది, వదులు మట్టిలో టైరు పక్కకు జారే అవకాశం తగ్గుతుంది.

నిలబడి నడపడం గురించి కూడా ఒక మాట. నిలబడితే బరువు కేంద్రం కిందికి దిగుతుందని కొందరంటారు. అది సరికాదు, మనిషి లేచాడు కాబట్టి అది పైకే పోతుంది. లాభం వేరే చోట ఉంది. మోకాళ్లు స్ప్రింగుల్లా పనిచేసి, కింద బండి ఎగిరినా నడుము మీదికి ఆ దెబ్బ రాదు. ట్యాంకును మోకాళ్లతో పట్టుకుంటే చేతుల మీద భారం పోతుంది. చేతులు తేలిగ్గా ఉంటేనే క్లచ్ వేలు సున్నితంగా పనిచేస్తుంది.

గుట్ట ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

ఎక్కుడులో బలం కావాలి, అదే సమయంలో వెనక చక్రం ఊరికే తిరగకూడదు. కింద నుంచే కొంత వేగం తీసుకుని, రెండో గేరులో ఒకే ఊపుతో పోవడం సాధారణ పద్ధతి. మధ్యలో ఇంజిన్ బరువెక్కుతుంటే లివర్‌ను ఒక్క క్షణం తాకి వదులుతారు. ఆ క్షణంలో ఇంజిన్ చుట్లు పైకి లేచి, బలం తిరిగి చక్రానికి అందుతుంది. గేరు మార్చే వ్యవధి లేని చోట ఈ చిన్న తాకుడు చాలా పని చేస్తుంది.

సగంలో బండి ఆఫ్ అయితే మాత్రం కొత్తవాళ్ల చేయి అలవాటుగా క్లచ్ నొక్కేస్తుంది. అప్పుడు బండి వెనక్కి దొర్లడం మొదలవుతుంది. ముందు బ్రేకు ఒక్కటీ పట్టినా, బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది కాబట్టి ముందు టైరు మట్టి మీద జారిపోతుంది. నిజానికి ఆగిపోయిన ఇంజినే అప్పుడు మనకు బ్రేకు. గేరులో ఉంచి క్లచ్ వదిలేస్తే వెనక చక్రం బిగుసుకుని బండి నిలబడుతుంది. ఊపిరి తీసుకుని, రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఆ తర్వాత క్లచ్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ బండిని అడ్డంగా తిప్పుకుని కిందికి దిగొచ్చు.

దిగుడులోనూ ఇదే సూత్రం. భయం వేసి క్లచ్ నొక్కితే ఇంజిన్ పట్టు పోయి బండి తన బరువుతో దొర్లుతుంది, మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. మొదటి గేరు, క్లచ్ పూర్తిగా వదిలి, రేస్ మూసి ఉంచితే ఇంజినే వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆగబోయేంత నెమ్మదైనప్పుడు మాత్రమే లివర్ తాకాలి. ఎక్స్‌పల్స్ 200లో ఏబీఎస్, అంటే బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ముందు చక్రానికే ఉంటుంది, వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని పక్కకు జారుతుందన్నది దిగుడులో మరవకూడదు.

రేగడి, దుబ్బ

మన జిల్లాల్లో నేల ఒక్క తీరుగా ఉండదు. వానాకాలం నల్లరేగడి టైరు గాళ్లన్నీ పూడ్చేసి, మడ్‌గార్డు కింద ముద్ద కట్టి చక్రాన్నే పట్టేస్తుంది. అలా పట్టేసిన చక్రాన్ని క్లచ్‌తో గెలవాలని చూడటమే పైన చెప్పిన మూడు వేల వాట్ల కథ. దిగి, పుల్లతో మట్టి గీకి, పక్కన నడుస్తూ తక్కువ రేస్‌తో తోయడమే అక్కడ పని చేస్తుంది.

గోదావరి ఒడ్డున, వాగుల దగ్గర ఉండే దుబ్బలో వ్యవహారం తారుమారు. అక్కడ నెమ్మదైతే ముందు చక్రం దున్నుకుపోతుంది. కదిలాక క్లచ్ పూర్తిగా వదిలేసి, బరువు కాస్త వెనక్కి వేసి, రేస్ నిలకడగా ఉంచాలి. ఇసుకలో హాఫ్ క్లచ్‌తో పాకేవాళ్ల బండే త్వరగా వేడెక్కుతుంది.

బండిని బట్టి మారే పని

ఎక్స్‌పల్స్ 200లో నాలుగు వాల్వుల రకమైన 4వీ గరిష్ఠ టార్క్ 17.35 న్యూటన్ మీటర్లు, అదీ 6500 చుట్ల దగ్గర. పాత హిమాలయన్ 411 ఇచ్చే 32 న్యూటన్ మీటర్లు 4000 నుంచి 4500 చుట్లకే అందుతాయి. అందుకే ఒకే గుట్టను హిమాలయన్ క్లచ్ ముట్టకుండా ఎక్కేయగలదు, ఎక్స్‌పల్స్‌కు నాలుగైదు తాకుళ్లు పడతాయి. ఎక్స్‌పల్స్ నడిపేవాడికి క్లచ్ రాదని దీనర్థం కాదు, చిన్న ఇంజిన్‌కు ఆ సాయం అవసరం. 2023లో వచ్చిన హిమాలయన్ 450లో స్లిప్ అండ్ అసిస్ట్ క్లచ్ ఉంది, లివర్ తేలిగ్గా నొక్కుకుంటుంది, గేరు గభాలున తగ్గించినా వెనక చక్రం అంతగా బిగుసుకోదు.

వేడెక్కిందని బండి చెప్పే తీరు

క్లచ్ వేడెక్కితే మొదట లివర్ వదులవుతుంది, పట్టుకునే చోటు మారుతుంది. పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. ఆ దశలో ఆపి ఇంజిన్ చల్లారనిస్తే చాలాసార్లు మామూలుగా అయిపోతుంది. కేబుల్ అడ్జస్టర్ అప్పటికప్పుడు బిగించేస్తే మాత్రం, చల్లారాక ఫ్రీ ప్లే మిగలక క్లచ్ జారడం మొదలవుతుంది.

చల్లగా ఉన్నప్పుడు కూడా మూడో గేరులో రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తూ వేగం పెరగకపోతే ప్లేట్లు అయిపోయినట్టే. అయితే ప్లేట్లు మార్చేముందు ఆయిల్ ఏం పోశారో చూడాలి. ఇంజిన్‌కూ క్లచ్‌కూ ఒకటే ఆయిల్ కాబట్టి డబ్బా మీద తడి క్లచ్‌కు సరిపోతుందని చెప్పే గుర్తు, జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలిసే వీలుంది, వాటితో మంచి ప్లేట్లు కూడా జారతాయి.

సాధన చేసే చోటు

వరికోత అయిన పొలం, యజమాని ఒప్పుకుంటే, ఇంతకంటే మంచి బడి లేదు. పడినా దెబ్బ తక్కువ, మలుపులకు చోటుంటుంది. హెల్మెట్, చీలమండ దాటే బూట్లు ఉంటే చాలు మొదలుపెట్టొచ్చు. పాకాల, ఏటూరునాగారం దగ్గర కనిపించే అడవి బాటలు మాత్రం వేరే సంగతి. ఆ రెండూ అభయారణ్యాలు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి బండి తిప్పడం నేరం. దారి ఎంత ఊరించినా బండిని ఆ బోర్డు దగ్గరే ఆపేయాలి.